సాక్షి సంతకం లేని దయ చెల్లదు

ఈ మధ్య కొందరు ఎవరికీ చెప్పకుండా మంచి పనులు చేసేస్తున్నారు. ఇది ఆందోళన పడాల్సిన విషయం. మూసుకుపోతున్న లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి ఆపుతారు. ముందు నడుస్తున్న మనిషి జేబులోంచి కాగితం జారితే ఏరుకుని వెనకాలే పరిగెత్తి ఇస్తారు. పెద్ద క్యూలో చేతిలో ఒక్క వస్తువుతో నిలబడ్డవాణ్ణి "ముందు మీరు కానివ్వండి" అంటారు. పోనీ తర్వాతైనా ఆ సంగతి ఎక్కడైనా పోస్టు పెడతారా అంటే అదీ లేదు, తమ దారిన తాము పోతారు. లెక్కాపత్రం లేని దయ ఇలా విచ్చలవిడిగా తిరుగుతుంటే, పద్ధతిగా బ్యానరు కట్టి, ఫొటోగ్రాఫరు వచ్చేదాకా ఆగి దానం చేసే మర్యాదస్తుల గతేం కావాలి?

ఎందుకిలా చేస్తున్నారని నిలదీస్తే కొందరు బుద్ధుడి పేరు చెబుతున్నారు. సరే, ఆయన రికార్డేమిటో చూద్దామని నేనూ కూర్చున్నాను. గొడవకి మూలం నిజంగానే అక్కడుంది.

భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఒక సంఘటన ఉంది. బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని భిక్షువుల వసతులు చూసుకుంటూ వెళ్తున్నాడు. ఒకచోట ఒక భిక్షువు కడుపు జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. నిన్ను చూసేవాళ్లు లేరా అంటే లేరన్నాడు. ఎందుకు లేరంటే, "నేను వాళ్లకి ఏమీ చేసిపెట్టలేదు, అందుకని వాళ్లూ నన్ను చూడటం లేదు" అన్నాడు. ఆ భిక్షువులు ఎంత న్యాయంగా ఉన్నారో గమనించండి. ఇచ్చినవాడికే పుచ్చుకునే హక్కు అన్న లోకరీతిని అక్షరాలా పాటించారు. చెడగొట్టింది బుద్ధుడే. ఆనందుణ్ణి నీళ్లు తెమ్మన్నాడు. ఆయన నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తర్వాత ఆయన తల వైపు, ఆనందుడు కాళ్ల వైపు పట్టుకుని లేపి మంచం మీద పడుకోబెట్టారు. అంటే నాలుగు చేతులూ పనిలోనే ఉన్నాయి, ఫొటో తీయడానికి ఒక్కటీ ఖాళీ లేదు. ఇంత ప్రాథమికమైన పొరపాటు ఇవాళ వీధి చివరి సేవా సంఘం కూడా చేయదు.

అంతటితో ఆగలేదు. భిక్షువులందర్నీ కూర్చోబెట్టి, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి చేయండి అని చెప్పాడు. నాయకుడికి సేవ చేస్తే నాయకుడికైనా గుర్తుంటుంది. ఒంటి మీద స్పృహ లేని రోగికి చేస్తే ఎవరికి గుర్తుంటుంది?

బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఒక శాతవాహన రాజుకి రాసినట్టు చెప్పే 'రత్నావళి'లో, బాటసారుల కోసం నీళ్లు పెట్టేచోట ఇంకా ఏమేం ఉంచాలో ఆయన వరసపెట్టి చెప్పాడు. చెప్పులు, గొడుగులు, నీళ్లు వడపోసుకునే సాధనం, ముల్లు తీసుకునే శ్రావణం, సూది, దారం, విసనకర్ర. చీమల పుట్టల దగ్గర కూడా తిండీ నీళ్లూ పెట్టించమన్నాడు. ఆ రాజు ఇబ్బంది ఒక్కసారి ఆలోచించండి. గుడి కట్టిస్తే గోడ మీద శాసనం వేయించుకోవచ్చు. చెరువు తవ్విస్తే గట్టున రాయి పాతించుకోవచ్చు. శ్రావణం మీద పేరు ఎక్కడ చెక్కాలి? సూది మీద బిరుదులెలా పట్టిస్తారు? ముల్లు దిగినవాడు ఆ నీళ్లు పెట్టినచోట కూర్చుంటాడు, పాదం ఒళ్లోకి లాక్కుని, పళ్లు బిగించి ముల్లు పీకుతాడు, శ్రావణం ఉన్నచోట పెట్టేసి కుంటుకుంటూ వెళ్లిపోతాడు. దాత ఎవరని కూడా అడగడు. ఇక చీమల సంగతి చెప్పేదేముంది. (ఆ వరస రాసినాయన ఎప్పుడో ఎండన పడి నడిచి ఉంటాడని, ఆయన చెప్పు కూడా తెగి ఉంటుందని నాకో అనుమానం. కానీ అది ఇక్కడ అప్రస్తుతం.)

ఆచరణ తెలిసినవాడు చరిత్రలో ఒకడున్నాడు. చైనాలో 502 నుంచి 549 వరకు ఏలిన లియాంగ్ వంశపు వూ చక్రవర్తి. విహారాలు కట్టించాడు, సూత్రాలనే బౌద్ధ గ్రంథాలు రాయించాడు, భిక్షువులను పోషించాడు. చైనాకి ధ్యానమార్గం తెచ్చాడని చెప్పే బోధిధర్ముడు ఎదురుపడినప్పుడు, ఇంత చేశాను కదా, నాకెంత పుణ్యం వచ్చిందని అడిగాడట. ఏమీ రాలేదన్నాడట ఆయన. ఇది కథే కావచ్చు గానీ, రసీదు అడిగిన దాతతో మాట్లాడే తీరేనా అది? చక్రవర్తి ఘనత తెలియాలంటే 529లో ఏం చేశాడో చూడాలి. సింహాసనం వదిలేసి తనను తాను విహారానికి సేవకుడిగా సమర్పించుకున్నాడు. మంత్రులు లబోదిబోమంటూ ఆ విహారానికి కోట్ల నాణేలు కట్టి ఆయన్ని విడిపించి తెచ్చుకున్నారు. త్యాగం ఒకరిది, బిల్లు ఇంకొకరిది. దానశాస్త్రం ఆ తర్వాత ఇంతకన్నా పెద్దగా ముందుకెళ్లినట్టు నాకు కనిపించదు.

బుద్ధుడి లెక్కలు మాత్రం ఏ ఆడిటరుకీ మింగుడుపడవు. ఆయన బోధల సంకలనం అంగుత్తర నికాయంలో వేలాముడనే బ్రాహ్మణుడి సంగతి వస్తుంది. వెండి నింపిన బంగారు గిన్నెలు 84,000, బంగారం నింపిన వెండి గిన్నెలు ఇంకో 84,000, ఇంకా ఏనుగులు, రథాలు, ఆవులు దానం చేశాడు. ఆవు పొదుగు ఒక్కసారి పిండేంత సేపు మనసులో అందరి మీదా మైత్రి నింపుకుంటే అది ఆ దానం మొత్తం కంటే గొప్పదంటాడు బుద్ధుడు. పైగా ఆ వేలాముడు పూర్వజన్మలో తానేనట! తన దానాన్ని తానే తక్కువ చేసుకునే దాతని వేదిక ఎక్కించేదెలా?

అక్కడే ఇంకో మాట కూడా ఉంది, అది మరీ ప్రమాదకరమైనది. ఈ మాటలన్నీ అనాథపిండికుడనే వర్తకుడితో అన్నవి. ఒకప్పుడు బుద్ధుడికి ఇవ్వడానికి జేతవనమనే తోట కొనడం కోసం నేలంతా నాణేలు పరిచిన మనిషి, ఇప్పుడు ఇంట్లో నూకలన్నం, పులిసిన గంజి మాత్రమే పెట్టగలుగుతున్నానన్నాడు. పెట్టేది ఏదైనా సరే, మర్యాద లేకుండా, తన చేత్తో ఇవ్వకుండా, పారేసేది ఇచ్చినవాడి మాట ఇంట్లో భార్యాబిడ్డలు, పనివాళ్లు కూడా వినరన్నాడు బుద్ధుడు. మీ పిల్లలు మీ మాట వినడం లేదా? కిందటి వరదలప్పుడు మీరిచ్చిన బట్టల మూట ఒకసారి తలుచుకోండి. జిప్పు పోయిన ప్యాంటు, చంకలో చిరిగిన చొక్కా, ఎవరి పెళ్లిలోనో వేసుకున్న సూటు, అడుగున జతలేని ఒక్క సాక్సు. ఆ సాక్సు తొడుక్కుని వరద బాధితుడు ఏం చేసుకున్నాడో పాపం.

చైనా బౌద్ధ గ్రంథాల సంపుటి త్రిపిటకంలోని ఒక సూత్రంలో డబ్బు అక్కర్లేని దానాలు ఏడు చెప్పారు. చల్లని చూపు, నవ్వు మొహం, మంచి మాట, ఒంటితో చేసే సాయం, మంచి మనసు, కూర్చునే చోటు, తలదాచుకునే చోటు. చదవగానే పేదవాళ్ల కోసం కనిపెట్టారనుకుంటాం. అనుభవం మీద చెబుతున్నాను, వీటిని మించి ఖరీదైనవి లేవు. చెక్కు మీద చకచకా సంతకం పెట్టే చెయ్యి, గేటు తీసిన వాచ్‌మన్‌కి నమస్కారం పెట్టాలంటే బరువెక్కిపోతుంది. ఇక కూర్చునే చోటు! కిక్కిరిసిన బస్సులోకి ఒక పెద్దావిడ రెండు సంచులతో ఎక్కుతుంది. కిటికీ పక్క యువకుడు అప్పటిదాకా ఫోనులో నవ్వుకుంటున్నాడు. ఆవిడ తన వైపు తిరిగేసరికి ఫోను బొటనవేలి కిందే ఉండగా, మెడ ఒక పక్కకి వాలి, సమాధి కుదిరిపోతుంది. ఏళ్ల తరబడి కళ్లు మూసుకున్నా సన్యాసులకి చిక్కని ఏకాగ్రత అది. ఆవిడ సంచి మోకాలికి తగులుతున్నా చలించడు. తన స్టాపు మాత్రం ఏ ప్రకటనా లేకుండా తెలిసిపోతుంది.

మా భవనంలో కూడా ఈ తెగులు మొదలైంది. మెట్ల మలుపులో కిటికీ గట్టు మీద పక్షుల కోసం ఎవరో గిన్నెలో నీళ్లు పెడుతున్నారు. అనుమతి లేదు, తీర్మానం లేదు. సంఘం సమావేశంలో దీన్ని గట్టిగా ప్రశ్నించాం, ఎవరూ నోరు విప్పలేదు. నీళ్లు పెడుతున్నవారికి సన్మానం చేస్తామని నోటీసు అంటించాక మాత్రం ముగ్గురు ముందుకొచ్చారు. ముగ్గురూ ఊళ్లో లేని రోజున కూడా గిన్నె నిండే ఉంది. వచ్చే సమావేశంలో గిన్నె మీద దాత పేరు రాయించే ప్రతిపాదన పెడుతున్నాం. పెయింటరు ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్నాడు, ఎవరి పేరు రాయాలో చెప్పమని రోజూ ఫోను చేస్తున్నాడు.