వృద్ధుల మీద థీసిస్ అంటే ముందు వయసు తేల్చాలి

ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో వృద్ధాప్య అధ్యయనంలో పీజీ అంటే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ జెరియాట్రిక్స్ (వృద్ధుల వైద్యం) ఒక్కటే అన్నట్టు రాశారు. సోషల్ వర్క్, సైకాలజీ, నర్సింగ్, ఫిజియోథెరపీ పీజీల్లోనూ ఈ అంశం మీద థీసిస్ చేయొచ్చు.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఊళ్లలో ఫీల్డ్‌వర్క్ చేసేవాళ్లకి అసలు చిక్కు వయసు దగ్గరే. ఆధార్‌లో చాలామంది పెద్దవాళ్లకి అసలు తేదీ తెలియక పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. నోటితో అడిగితే అరవై, అరవై ఐదు, డెబ్బై అంటారు. అంకెలన్నీ అక్కడే పోగుపడితే వయసువారీ విశ్లేషణంతా తప్పుతుంది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యేనాటికి బడికెళ్తున్నారా, 1977 దివిసీమ ఉప్పెన నాటికి పెళ్లయిందా, పిల్లలెందరు? ఇలా అడిగి లెక్క కట్టండి, పెద్ద కొడుకు వయసుతో సరిచూడండి.

జ్ఞాపకశక్తిని కొలవడానికి ఎంఎంఎస్‌ఈని (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ అనే చిన్న ప్రశ్నల పరీక్ష) ఉన్నదున్నట్టు వాడొద్దు, గైడ్ చెప్పినా సరే. అందులో వాక్యం రాయాలి, బొమ్మ గీయాలి, వందలోంచి ఏడేసి తీసేయాలి. చదువురాని ఆవిడకి ఏ జబ్బూ లేకపోయినా మార్కులు తగ్గుతాయి. అలాంటివారి కోసమే హిందీలో చేసిన హెచ్‌ఎంఎస్‌ఈ (హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) ఉంది, దాని పద్ధతి చూడండి.

సొంత సర్వే కుదరకపోతే ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ వారి లాసీ (దేశవ్యాప్త వృద్ధాప్య సర్వే) డేటా (2017-18, 72 వేల పైచిలుకు మంది) దరఖాస్తు చేసి తెచ్చుకోవచ్చు.