శాపం లేని శాసనానికి

మహారాజశ్రీ కంచు ఫలకం గారికి,

ఉత్తర కాలిఫోర్నియా తీరంలో, రెడ్‌వుడ్ అడవికీ పసిఫిక్ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న చిన్న ఊళ్లలో, వీధికొకరుగా నిలబడి చరిత్ర చెబుతున్న మీకు, ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి అలసిన ఒక బడిపంతులు నమస్కరించి రాసుకునేది.

మీ దర్శనానికి పడ్డ పాట్లు ముందు చెప్పుకోనివ్వండి. మా అమ్మాయీ అల్లుడూ ‘రెండు రోజులు చారిత్రక పట్టణాలు చూసివద్దాం’ అన్నారు. క్లోవర్‌డేల్ దగ్గర 128వ నంబరు రోడ్డెక్కాం. తిరుమల ఘాట్ రోడ్డులో మలుపుల చివర కనీసం వేంకటేశ్వరుడు ఉంటాడు. ఇక్కడ మలుపు చివర ఇంకో మలుపు ఉంది. మా ఆవిడ వాసన చూస్తూ వచ్చిన నిమ్మకాయ బూన్‌విల్ చేరేసరికి నలిగి తొక్కయింది. మెండొసినోలో కారు దిగి, చారిత్రక ఊరు కదా అని కోటగోడ కోసమో గాలిగోపురం కోసమో చుట్టూ చూశాను. చెక్క ఇళ్లు, చెక్క కట్టడాల మీద నీళ్ల తొట్లు, పొగమంచు. ఆ తర్వాత ఏ ఊళ్లో మీ ముఖం చూసినా చరిత్ర 1850ల్లోనే మొదలవుతోంది.

వయసులో మీతో పోటీకి రాను. మా ఊరి చెరువుగట్టు మీద కాకతీయుల నాటి శాసనం ఒకటుంది. దానికి గేదెను కట్టేస్తారు. ఉన్నదాన్ని తుడిచి, మెరుగుపెట్టి, ఎదురుగా బల్ల వేసి కాపాడుకునే విద్య మీ దగ్గరే నేర్చుకోవాలి. వయసు మాటెత్తింది నేను కాదు, మీ వెనక ఉన్న అడవి. రెడ్‌వుడ్ రెండు వేల ఏళ్లు బతకగలదు. నన్నయ రాజమహేంద్రవరంలో పద్యం అల్లుతున్న నాటికే మానై నిలిచినవి ఇప్పటికీ ఈల్ నది ఒడ్డున ఉన్నాయి. మీ లెక్కలో మాత్రం రంపం వచ్చిన రోజే తొలి తిథి.

ఆ రంపం ఎలా వచ్చిందో మీరు ముక్తసరిగా చెబుతారు. అసలు కథ ఎంత కమ్మగా ఉందండీ! ఫ్రోలిక్ అనే ఓడ ఉండేది. మన బొంబాయి నుంచి చైనాకు నల్లమందు మోయడం దాని వృత్తి. 1850 జులైలో చైనా పట్టూ పింగాణీ నింపుకుని, బంగారం పిచ్చిలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతూ మెండొసినోకు కాస్త ఉత్తరాన రాళ్లకు కొట్టుకుంది. సరుకు ఏరుకు రమ్మని హెన్రీ మెగ్స్ అనే కలప వ్యాపారి తన మనిషి జెరోమ్ ఫోర్డ్‌ను పంపాడు. అప్పటికే అక్కడి పోమో ఆదివాసులు సరుకు తీసేసుకున్నారు. ఫోర్డ్ వట్టి చేతులతో తిరిగి వెళ్లాడు గానీ వట్టి కళ్లతో వెళ్లలేదు. చెట్లు చూశాడు. 1852లో మిల్లు లేచింది. మెగ్స్ 1854లో అప్పులవాళ్లకు చెప్పకుండా ఓడెక్కి చిలీకి ఉడాయించి, తర్వాత పెరూలో రైలుమార్గాలు వేసి మహానుభావుడయ్యాడు. నల్లమందు ఓడ, దొరకని సరుకు, పారిపోయిన పెద్దమనిషి! మా పక్క ఏ క్షేత్రానికీ ఇంత రంజైన స్థలపురాణం లేదు.

సుమారు ఇరవై లక్షల ఎకరాల పాత అడవిలో ఇప్పుడు మిగిలింది నూటికి అయిదు ఎకరాలు. మిగతాది ఇళ్లయింది, రైలు పట్టాల కింద దిమ్మలయింది, 1906 భూకంపం తర్వాత మళ్లీ లేచిన శాన్‌ఫ్రాన్సిస్కో అయింది. మేం ఫొటోలు తీసుకున్న ఆ ముద్దొచ్చే కిటికీలూ అయింది.

మిమ్మల్ని అన్ని చోట్లా తిట్టలేను. మెండొసినోలోనే చైనా వలసవాళ్లు కట్టుకున్న క్వాన్ టాయ్ గుడికి రాష్ట్రంవారు 927వ నంబరు చారిత్రక గుర్తింపు ఇచ్చారు. మా వీధి చివరి పోచమ్మ గుడంత ఉంటుంది. అక్కడ మీవాళ్లకు దండం పెట్టాను.

ఫోర్ట్ బ్రాగ్‌కు వెళ్లాక మళ్లీ మొదటికి వచ్చింది. 1857లో గిబ్సన్ అనే సైనికాధికారి అక్కడ దండు దించి, తన పాత పైఅధికారి బ్రాక్స్‌టన్ బ్రాగ్ పేరు పెట్టాడు. అక్కడికి తరలించిన ఆదివాసులపై నిఘా ఆ దండు పని. బ్రాగ్ గారు తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం నిలవాలన్న పక్షానికి సేనానిగా పోరాడారు. 1864కల్లా దండు లేచిపోయింది. పేరు మాత్రం ఉండిపోయింది.

అదే ఊళ్లో గాజు బీచి ఉంది. 1967 దాకా ఊరి చెత్త సముద్రంలో కుమ్మరించిన చోటు. పగిలిన సీసాలను అలలు నునుపు చేసి రత్నాల్లా మార్చాయి. మా మనవడు ఒక ఆకుపచ్చ పెంకు జేబులో వేసుకుంటే వాళ్లమ్మ గద్దించింది: ‘తీయకూడదు, ఇది రక్షిత ప్రాంతం!’ నిజమే. కొండల నిండా ఉన్న అడవిని తీసుకువెళ్లిన రోజున బోర్డు లేదు. చెత్తను తీసుకువెళ్లడానికి మాత్రం నిషేధం ఉంది.

ఫెర్న్‌డేల్‌లో పాడి లాభాలతో కట్టిన ‘వెన్న మేడలు’ చూశాం, బాగున్నాయి. యురేకాలో కలప ధనవంతుడు విలియం కార్సన్ 1880ల్లో కట్టించిన భవనం ముందు మాత్రం మెడ పట్టేసింది. అన్ని బురుజులు, అన్ని చెక్కుళ్లు. లోపలికి పోబోతే అది సభ్యుల క్లబ్బట. గేటు బయటి నుంచి చూడటం ఉచితం.

ఆ భవనానికి ఎదురుగా ఉన్న అఖాతంలోనే తులువాట్ దీవి. 1860 ఫిబ్రవరి 26న, పండుగ జరుపుకొంటున్న వియోట్ ఆదివాసులను, ఎక్కువగా ఆడవాళ్లనూ పిల్లలనూ వృద్ధులనూ, వలస వచ్చిన తెల్లవాళ్లు అక్కడ నరికి చంపారు. శిక్ష ఎవరికీ పడలేదు. పడింది ఒక్కరికే: ఆ సంగతి పక్క ఊరి పత్రికలో రాసిన బ్రెట్ హార్ట్ అనే యువకుడు ఊరు విడిచి పోవలసివచ్చింది. 2019లో నగరం తన చేతిలో ఉన్న దీవి భూమిని వియోట్‌లకు తిరిగి ఇచ్చింది.

ఇక్కడే మీకూ మా రాళ్లకూ తేడా వస్తుంది. మా శాసనాలేమీ సత్యహరిశ్చంద్రులు కావు. సగం రాయి రాజు బిరుదులకే సరిపోతుంది. చెరువు తవ్విన కూలి పేరు ఎక్కడా ఉండదు. కానీ చివర ఒక శాపం ఉంటుంది: దానమిచ్చిన భూమిని, తానిచ్చినదైనా పరులిచ్చినదైనా, కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. మాన్యాలు మింగినవాళ్లకు అది తగిలిందా అని మాత్రం అడగకండి. తగిలి ఉంటే మా జిల్లాలో పురుగులు పట్టేవి కావు.

అయినా రాతలో ఉండటం వేరు. మీలో ఎవరి కిందా ఆ శ్లోకం కనిపించలేదు. పోత పోసినవాళ్లు మరిచారో, ఎవరికి తగులుతుందో లెక్క వేసుకుని మానుకున్నారో! నా మనవి ఒక్కటే. ఈసారి మెరుగుపెట్టించుకున్నప్పుడు ఆ రెండు వరసలూ చేర్పించుకోండి. జాగా చాలకపోతే బ్రాగ్ గారి పేరు చెరిపించండి, సరిపోతుంది. ఆయన ఏమీ అనుకోరు. ఎప్పుడూ ఆ ఊరి ముఖం చూసినవారు కారు.

ఇట్లు,
గేదెను కట్టేసే శాసనం గల ఊరివాడు