గొంతు దక్కాలని ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు

స్వరపేటిక క్యాన్సర్ అని తేలగానే ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే: ‘ఆపరేషన్ లేకుండా కరెంటు (రేడియేషన్) పెడితే పోదా డాక్టర్ గారూ?’ తొలిదశలో పోతుంది. గడ్డ స్వరతంత్రుల మీదే ఉన్నప్పుడు రేడియేషన్ ఇచ్చినా, నోటి గుండా లేజర్‌తో తీసేసినా పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతుంది. నా పేచీ అంతా ముదిరిన క్యాన్సర్ గురించి. గడ్డ స్వరపేటిక చుట్టూ ఉండే మృదులాస్థిని (మెత్తటి ఎముకను) చీల్చుకుని బయటికి వచ్చేశాక కూడా ‘గొంతు కాపాడతాం’ అనే మాటకు మనం పడిపోతున్నాం. ఈ దశలో స్వరపేటికను పూర్తిగా తీసేసి, ఆపైన రేడియేషన్ ఇవ్వడమే చాలామందికి సరైన దారి.

గొంతు కాపాడాలనేవాళ్ల దగ్గర గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 332 మంది మీద చేసిన అధ్యయనం 1991లో వెలువడింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలోనూ, ముందు కీమో ఆ తర్వాత రేడియేషన్ తీసుకున్నవాళ్లలోనూ రెండేళ్లకు 68 శాతం మంది బతికి ఉన్నారు. రెండో వర్గంలో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది. కీమో, రేడియేషన్ కలిపి ఒకేసారి ఇస్తే ఇంకా ఎక్కువమందికి దక్కుతుందని 2003లో మరో అధ్యయనం చూపింది. పాఠాలు చెప్పే టీచరుకు, సంతలో కేకేసి అమ్ముకునే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

కానీ అవే అధ్యయనాలను చివరిదాకా చదవాలి. మొదటిదాంట్లో, గడ్డ బాగా ముదిరి నాలుగో స్థాయికి (T4) చేరినవాళ్లలో 56 శాతం మందికి, గొంతు కాపాడే చికిత్స మొదలుపెట్టినా చివరికి స్వరపేటిక తీసేయక తప్పలేదు. రెండోదాంట్లోనైతే మృదులాస్థిని చీల్చుకొచ్చిన గడ్డలున్న వాళ్లను అసలు చేర్చుకోనేలేదు. ఎవరిని పక్కన పెట్టి ఆ ఫలితాలు సాధించారో, ఇప్పుడు వాళ్లకే ఆ ఫలితాలు చూపించి ధైర్యం చెప్పడం ఏం న్యాయం? అమెరికాలోనే 1980ల మధ్య నుంచి 1990ల మధ్య వరకు స్వరపేటిక క్యాన్సర్ రోగుల మనుగడ తగ్గిందని 2006లో పెద్ద విశ్లేషణ ఒకటి బయటపెట్టింది. ఆపరేషన్లు తగ్గి కీమో, రేడియేషన్ పెరిగిన కాలం కూడా అదే. కారణం ఇదేనా అని నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకైతే అది గట్టి హెచ్చరికలాగే కనిపిస్తోంది.

ఇక మన సంగతి. రేడియేషన్ అంటే ఒకరోజు పని కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. ముఖానికి అచ్చు పోసిన మాస్క్‌ను బల్లకు బిగించి, కదలకుండా పడుకోబెడతారు. మూడో వారానికి నోరంతా పుండ్లు, గుటక పడదు, చాలామందికి ముక్కులోంచి గొట్టం వేసి పాలు, జావ పోయాల్సి వస్తుంది. అక్కడే ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చిన కూలీ ఇంటికి వెళ్లిపోతాడు. ఆరోగ్యశ్రీ ట్రీట్‌మెంట్ ఖర్చు భరిస్తుంది సరే, ఏడు వారాల కూలి ఎవరిస్తారు? మధ్యలో ఆపిన ఒక్కో రోజుకు గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం ఒక శాతం, అంతకు మించి కూడా తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా రేడియేషన్ ఉంటుంది, నిజమే. కానీ అప్పటికే గడ్డ ఒంట్లో ఉండదు. పైగా గొంతు కాపాడే పద్ధతిలో నెలనెలా చెకప్‌కు రావాలి. క్యాన్సర్ తిరగబెడితే వెంటనే పట్టుకుని ఆపరేషన్ చేయాలి. ఈ చెకప్‌లు, ఆ ఆపరేషన్ వదిలేస్తే గొంతు కాపాడే పద్ధతి సగం వైద్యమే.

ఇంకో మాట. స్వరపేటిక మిగిలినంత మాత్రాన అది పనిచేస్తుందని కాదు. రేడియేషన్, మందుల దెబ్బకు అది గట్టిపడిపోయి, తిన్న ముద్ద, తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ న్యుమోనియా వచ్చేవాళ్లున్నారు. పూర్తిగా తీసేసినవాళ్లకు గాలి దారి, తిండి దారి వేరైపోతాయి. మెడ దగ్గరి రంధ్రంతో ఊపిరి పీలుస్తారు, పొరబోవడమన్నదే ఉండదు.

మరి మాటో? మనం నిజంగా పోట్లాడాల్సింది ఇక్కడ. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య బొటనవేలి గోరంత సిలికాన్ కవాటం పెడతారు. మెడ రంధ్రాన్ని వేలితో మూసి గాలి వదిలితే మాట వస్తుంది. అమెరికాలో బ్లోమ్, సింగర్ అనే ఇద్దరు నిపుణులు దీన్ని తెచ్చి నలభై ఏళ్లు దాటింది. దిగుమతి కవాటం వేల రూపాయలు, కొన్ని నెలలకోసారి మార్చాలి. బెంగళూరు సర్జన్ విశాల్ రావు బృందం యాభై రూపాయలకే వచ్చేలా ఒకటి తయారుచేసింది. అంటే ధర అడ్డం కాదు. మాట నేర్పే స్పీచ్ థెరపిస్ట్ జిల్లా ఆస్పత్రిలో లేకపోవడం అడ్డం. కోయడానికి డబ్బిచ్చే ప్రభుత్వం మాట తెప్పించడాన్ని కూడా వైద్యంలో భాగంగా లెక్కగట్టాలి: కవాటం, దాని మార్పిడి, మూడు నెలల థెరపీ, దారి ఖర్చులు, అన్నీ ఒకే ప్యాకేజీలో. అలాగే రోగి చేత ఆపరేషన్‌కు సంతకం పెట్టించేముందు సర్జన్, రేడియేషన్ డాక్టర్ ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడాలి. స్వరపేటిక తీసేశాక కూడా మాట్లాడుతున్న మనిషినొకరిని పిలిపించి, ఆ కుటుంబం అడగదలచుకున్నవన్నీ ఆయన్నే అడగనివ్వాలి.