స్టేట్ ఫైల్ కరణం గారికి

మహారాజశ్రీ టెర్రాఫామ్ స్టేట్ ఫైల్ గారికి,

బెంగళూరు మారతహళ్ళి నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీరు కులాసాగానే ఉన్నారు, నా సంగతే తేలాలి.

క్లౌడ్‌లో ఏమేం కావాలో కోడ్‌లో రాసిస్తే కట్టిపెట్టే పనిముట్టు టెర్రాఫామ్, అది ఏమేం కట్టిందో లెక్క రాసి ఉంచేది మీరు. మిమ్మల్ని మొదటిసారి తెరిచి చూసినప్పుడు మా తాతగారు చెప్పే కరణం గుర్తొచ్చాడు. పొలంలో వరి ఊగుతున్నా సరే, ఆయన అడంగల్‌లో బీడని రాస్తే అది బీడే. 1984లో ఎన్టీ రామారావు గారు ఆ కరణాలను రద్దు చేశారు. సరిగ్గా 30 ఏళ్ళకి, 2014లో, టెర్రాఫామ్ వచ్చింది. దాని వెనకే చంకలో చిట్టా పెట్టుకుని మీరూ దిగారు. మీ లోపల ‘లినియేజ్’ అని ఒక గడి కూడా ఉంది. అంటే వంశం! వంశపారంపర్యం ఒక్కటే తక్కువనుకున్నాను, అదీ తెచ్చుకున్నారు.

నాకు కావాల్సింది ఒక టాస్క్ క్యూ, అంతే. కస్టమర్ బటన్ నొక్కాక ఇన్‌వాయిస్ తయారయ్యేదాకా అతన్ని నిలబెట్టకుండా, పనిని చీటీ మీద రాసి వరసలో పెడితే వెనకాల వర్కర్ ఒక్కోటి తీసి చేస్తాడు. మా వీధి ఆంధ్రా మెస్‌లో టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టినట్టే. చీటీ తీసిన వర్కర్ మధ్యలో పడిపోతే కాసేపు చూసి ఆ చీటీ మళ్ళీ వరసలోకి వస్తుంది. అమెజాన్ వాళ్ళ క్యూ సర్వీసు ఎస్‌క్యూఎస్‌లో ఆ గడువు మనం మార్చకపోతే 30 సెకన్లు. వర్కర్ నెమ్మదస్తుడైతే ఒకే చీటీ ఇద్దరికి వెళ్తుంది, మెస్‌లో అడక్కుండానే రెండోసారి పప్పు పడ్డట్టు.

క్లౌడ్ కన్సోల్‌లో మౌస్‌తో క్యూ పెట్టడం 2 నిమిషాల పని. పెట్టేశాను. మా టీమ్ లీడ్‌ది మదనపల్లె. “చేత్తో పెట్టావా?” అన్నారు, మడిగిన్నె ముట్టుకున్నవాణ్ణి చూసినట్టు చూసి. “అన్నీ కోడ్‌లోనే ఉండాల నాయనా.” సరే, కోడ్ రాసి, దాని ప్రకారం కట్టమని ‘అప్లై’ కొట్టాను. ఆ పేరుతో క్యూ ఇదివరకే ఉందని క్లౌడ్ అంటుంది. మిమ్మల్ని అడిగితే అలాంటిదేమీ లేదంటారు. కళ్ళ ముందు చీటీలు కదులుతున్నాయి కరణం గారూ! చివరికి ‘ఇంపోర్ట్’ అని మ్యుటేషన్ అర్జీ పెట్టుకుంటే గానీ నా క్యూ పుట్టినట్టు మీరు ఒప్పుకోలేదు.

అక్కడితో ఊరుకుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. దాని పేరు ‘ఇన్‌వాయిస్ క్యూ 1’. రెండోది లేనే లేదు, మరి ఈ ఒకటెందుకని కోడ్‌లో తీసేశాను. ఏమేం మారబోతాయో ముందే చూపించే ‘ప్లాన్’ కొడితే ఒకటి చేర్చాలి, సున్నా మార్చాలి, ఒకటి కూల్చాలి అని వచ్చింది. మా వైపు పేరు మార్చుకోవాలంటే గెజిట్‌లో వేయించుకుంటారు. మీ దగ్గర పాతవాణ్ణి చంపి కొత్త పేరుతో ఇంకొకణ్ణి కంటారు. దాచలేదు లెండి, ‘ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్’ అని ఎర్ర అక్షరాల్లో చెప్పారు. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి ఎర్ర అక్షరాలు ఎవరు చదువుతారండీ? ‘వై’ ఒక్కటి కొడితే కుదరదు, ‘యెస్’ అని పూర్తిగా కొట్టాలి. కొట్టాను.

పాత క్యూ పోయింది. అందులో వరసలో ఉన్న ఇన్‌వాయిస్‌లూ దాంతోపాటే పోయాయి. చీటీలు పంపే సర్వీసేమో ఇంకా చచ్చినవాడి చిరునామాకే పంపుతోంది. పోనీ పాత పేరుతోనే మళ్ళీ పెడదామంటే మేం వాడే క్లౌడ్ వాళ్ళు ససేమిరా అన్నారు. చెరిపేసిన పేరును కొన్ని రోజులదాకా తిరిగి వాడకూడదట. మైల! ఎస్‌క్యూఎస్‌లో 60 సెకన్లు ఆగితే తీరిపోయే మైల, మాకు మాత్రం దినవారాలయ్యేదాకా.

‘ప్రివెంట్ డిస్ట్రాయ్’ అనే లైను ముందే రాసి ఉంటే మీరు కూల్చకుండా ఆగిపోయేవారని లీడ్ గారు చెప్పారు. శనివారం చెప్పారు.

సరే, ఆ సర్వీసుకు కొత్త పేరైనా చెబుదామని శుక్రవారం రాత్రే మళ్ళీ అప్లై కొడితే, ఒకసారికి ఒక్కరే మీలో రాయాలని వేసే గొళ్ళెం, అదే స్టేట్ లాక్, ఇంకొకరి దగ్గర ఉందన్నారు. ఎవరా అని చూస్తే మా నెల్లూరు కుర్రాడు. వాడు ఏదో అప్లై కొట్టి, అది పూర్తికాకముందే ల్యాప్‌టాప్ మూసి ఊరి బస్సెక్కాడు. ఫోన్ చేశాను.

“అన్నా, గంటన్నరయింది, ఇంకా కేఆర్ పురం బ్రిడ్జి దగ్గరే ఉన్నా.”

“ల్యాప్‌టాప్ తియ్యరా.”

“బ్యాగు కింద డిక్కీలో పడేశారన్నా.”

ఇక ఆ పొడుగాటి లాక్ నంబరు కాపీ చేసి, ‘ఫోర్స్ అన్‌లాక్’ అని గొళ్ళెం నేనే విరగ్గొట్టాను. అప్పుడు కూడా నిజంగానే విరగ్గొడతావా, యెస్ అని రాయమన్నారు మీవాళ్ళు.

ఇంత జరిగాక మిమ్మల్ని వదిలించుకుందామనే చూశాను. 2023లో టెర్రాఫామ్ లైసెన్సు మారిందని కోపమొచ్చి కొందరు ఓపెన్‌టోఫు అని వేరు కాపురం పెట్టారు గదా, అక్కడికి పోదామని వెళ్ళి తలుపు తీశాను. లోపల చిట్టా తిరగేస్తూ మీరే కూర్చుని ఉన్నారు.

ఇట్లు,
మీ చిట్టాలో ఇంకా పేరున్న రైతు