చీకట్లోనూ పచ్చగా ఉండే మనీప్లాంటు గారికి

బెజవాడ,
రోహిణి కార్తె

మహారాజశ్రీ మనీప్లాంటు గారికి,

మూడో అంతస్తు ఫ్లాటు నుంచి నమస్కరించి రాయునది. మీ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మీరు చచ్చిపోరు.

మందారానికి వెలుతురు తగ్గితే పూత మానేసి నిరసన తెలుపుతుంది. తులసమ్మ అయితే నీడలో కొన్నాళ్లు చూసి, ఆకులు రాల్చి, ఇంటిల్లిపాదినీ అపశకునం భయంలో పడేస్తుంది. మీరు మాత్రం చెప్పుల స్టాండు పక్కన పెట్టినా, ఇన్వర్టరు వెనక తోసినా, పచ్చడి సీసాలో ముంచి ఫ్రిజ్ మీద కూర్చోబెట్టినా కిమ్మనరు. దాంతో ఈ ఊళ్లో మనీప్లాంటుకు వెలుతురు అక్కర్లేదన్న సిద్ధాంతం స్థిరపడిపోయింది. ఈ అబద్ధానికి ప్రత్యక్ష సాక్షి మీరే.

మీ పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియవనుకోకండి. పసిఫిక్ మహాసముద్రంలో తాహితి పక్కనున్న మూరెయా దీవి మీ పుట్టిల్లు. కంద, చేమల వంశం మీది. అడవిలో నేల మీద పుట్టి, వెలుతురు వెతుక్కుంటూ చెట్టు మొదలు పట్టుకుని పైకి పాకే జాతి. పైకి పోయేకొద్దీ ఆకు పెరిగి మూరెడు దాటుతుంది, అంచుల నుంచి చీలికలు కూడా వస్తాయి. సత్యనారాయణపురంలో ఏ పాత ఇంటి పెరట్లోనైనా కొబ్బరి చెట్టుకు చుట్టుకున్న మీ బంధువులు ఉంటే వెళ్లి చూడండి. మీరు గుర్తుపట్టరు. వాళ్లు కూడా మిమ్మల్ని గుర్తుపట్టరు, ఎందుకంటే మా హాల్లో మీ కొత్త ఆకు బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది, అంతే.

మా హాల్లో మీ స్థానం వాస్తుపరంగా నిర్ణయమైంది. ఆగ్నేయ మూలన పెడితే ధనప్రాప్తి అని ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. ఆగ్నేయ మూలన సోఫా ఉంది, సోఫా వెనక మీరున్నారు. ఆ మూలకు కిటికీ ఉందా అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. పైగా మీరు దొంగిలించి తెచ్చిన తీగ. కొని తెచ్చుకుంటే కలిసిరాదని, పక్కింటివాళ్లు ఊళ్లో లేనప్పుడు మా ఇంట్లోవాళ్లు గిల్లుకొచ్చారు. ధనం సంగతి ఇంకా తేలలేదు గానీ, ఆ చీకటి మూల కోసం పగలంతా వెలిగే ట్యూబ్‌లైటుకు కరెంటు బిల్లు మాత్రం ఠంచనుగా వస్తోంది.

మీ మౌనంలోనూ కొన్ని సంకేతాలు ఉన్నాయని ఒప్పుకుంటాను. వచ్చినప్పుడు మీ ఆకుల మీద బంగారు రంగు చారలు ఉండేవి. ఆ చారల్లో పత్రహరితం బాగా తక్కువ, అంటే అక్కడ వంట సరిగా సాగదు. వెలుతురు చాలనప్పుడు ఆకు మీద అలాంటి ఖాళీ జాగా ఉంచుకోవడం దండగని, కొత్త ఆకులన్నీ ముదురాకుపచ్చగా వేశారు. దాన్ని చూసి మేము "అబ్బ, ఎంత పచ్చగా ఉందో!" అని మురిసిపోయాం. ఆ తర్వాత ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు ఉత్త కాడ వదులుతూ కిటికీ దిక్కుకు సాగడం మొదలుపెట్టారు. అది వెలుతురు కోసం పాకులాట. మేమేమో ఏపుగా పెరుగుతోందని చుట్టాలకు చూపించి, తీగను మేకులకు చుట్టి మళ్లీ చీకట్లోకే తిప్పాం.

నీళ్ల విషయం మరీ ఘోరం. వెలుతురు లేని చోట మీరు తాగేది తక్కువ. కుండీలో మట్టి ఆరదు, వేళ్లు కుళ్లుతాయి, ఒక ఆకు పసుపు పడుతుంది. అది చూడగానే ఇంట్లో ఎవరో ఒకరు "పాపం, దాహంగా ఉన్నట్టుంది" అని మరో చెంబు పోస్తారు.

ఇందులో మా కళ్ల దోషం కూడా ఉంది. వెలుతురును కొలిచే లక్స్ లెక్కలో చెబితే, బయట మిట్టమధ్యాహ్నపు ఎండ 1,00,000 లక్స్ దాకా ఉంటుంది. కిటికీ పక్కన నీడలో అది వెయ్యి, రెండు వేలకు పడిపోతుంది. సోఫా వెనక మూలకు చేరేసరికి 50 మిగలడం కూడా కష్టమే. కానీ మా కనుపాప పెద్దదై సర్దుకుంటుంది కాబట్టి మాకు ఇల్లంతా ఒకేలా వెలుగుగా తోస్తుంది. మీకు కనుపాప లేదు. పట్టపగలు ఆకుకు అడుగు ఎత్తున చెయ్యి అడ్డుపెట్టి నీడ చూస్తే చాలు. నీడ మసకగా, అంచులు చెదిరినట్టు పడితే ఆ చోటు మీకు సుఖం. అసలు నీడే పడకపోతే అది మా హాలు.

అలాగని బాల్కనీలో పెడదామంటే మాది పడమటి బాల్కనీ. కడియం నర్సరీల్లో మీ వాళ్లు ఆకుపచ్చ వల కింద పెరుగుతారు. ఆ అలవాటున్న ఆకు బెజవాడ సాయంత్రపు ఎండకు తట్టుకోదు. కిందటి వేసవిలో మీ తీగ ఒకటి అక్కడ పెడితే, ఆకుల మీద మొదట తెల్లటి మచ్చలు, తర్వాత గోధుమరంగు, ఆపైన పట్టుకుంటే పొడి అయ్యే కాగితం. కాలిన మచ్చ మళ్లీ పచ్చబడదు. ఉత్తరపు కిటికీ అయితే ఏడాది పొడుగునా ఎండ పడదని చలి దేశాల పుస్తకాలు రాస్తాయి. మనది పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలయ్యేదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. రోళ్లు పగిలే కార్తెలో ఉత్తరపు కిటికీకి కూడా పల్చటి తెర వేయాల్సిందే. ఎండ వద్దు, వెలుతురు కావాలి అనే మీ కోరిక నిజానికి గొంతెమ్మ కోరికేమీ కాదు. ఈ ఊళ్లో మనుషులు కోరుకునేదీ అదే.

మనుషులంటే గుర్తొచ్చింది. మా వంటింటి కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంటు గోడ చేతికందుతుంది. వాళ్ల ఇంట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. కట్టినాయన దాన్ని వెంటిలేషన్ అన్నారు. పిల్లలు మధ్యాహ్నం పన్నెండింటికి లైటు వేసుకుని చదువుకుంటారు. అయినా మేమూ ఫిర్యాదు చేయలేదు, అద్దె కడుతూ వచ్చాం. ఆ విధంగా మన రెండు జాతులకూ బాగానే కుదిరింది.

అయితే మొన్న జరిగినదానితో నా ఓర్పు నశించింది. నెలాఖరుకు మేము ఇల్లు ఖాళీ చేస్తున్నాం. కొత్త ఇంటికి తూర్పు బాల్కనీ ఉంది, ఉదయపు ఎండ కాసేపు పడి తొమ్మిదింటికల్లా తప్పుకుంటుంది. మిమ్మల్నీ తీసుకెళ్తున్నాం, అక్కడ పాకడానికి ఒక కర్ర కూడా పాతుతాం. ఈలోగా ఇంటి ఓనరు గారు కొత్త అద్దెవాళ్లకు ఇల్లు చూపిస్తున్నారు. ఒకావిడ "హాలు కాస్త చీకటిగా ఉన్నట్టుందండీ" అని నసిగితే, ఆయన సోఫా వెనక్కి వెళ్లి మీ తీగను పైకెత్తి, "చీకటేమిటమ్మా! వెలుతురు లేకపోతే మొక్క ఇంత పచ్చగా ఉంటుందా?" అన్నారు. ఆవిడ నమ్మేశారు. మీరు ఊరుకున్నారు.

ఆదివారం ఉదయం మరో కుటుంబం వస్తోంది. చంటిపిల్ల ఉందట. కాబట్టి నా మనవి ఏమిటంటే, శనివారం రాత్రికల్లా కనీసం ముందు వరుసలో రెండాకులైనా పసుపు చేసుకోండి. కావాలంటే నీళ్లు నేను పోస్తాను.

ఇట్లు,
తమతోపాటు ఆ మూలనే పేపరు చదువుకునే
ఫ్లాటు వాసి