హోటలు పనిమనిషి సాక్షిగా

పార్లమెంటులో వెనుక బెంచి సభ్యుడికి, అంటే మంత్రి పదవి లేని మామూలు సభ్యుడికి, దేవుడు కాళ్ళు ఇచ్చింది ఓటింగు గంట మోగగానే పార్టీ విప్ చూపిన లాబీలోకి, అంటే ఓట్లు లెక్కపెట్టే వసారాలోకి, నడవడానికి. నోరు ఎందుకిచ్చాడో ఏ ప్రభుత్వానికీ ఇంతవరకు అంతుబట్టలేదు. 1930లలో బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్ ఈ ధర్మాన్ని చక్కగా పాటించేది. ఏడాదికి 400 పౌండ్లు తీసుకుని నడిచేవాళ్ళు నడిచేవారు.

అలాంటి సంసారంలోకి 1935లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పట్టభద్రులు ఎన్నుకునే స్థానం నుంచి స్వతంత్ర సభ్యుడిగా ఎ.పి. హెర్బర్ట్ వచ్చిపడ్డారు. వృత్తి హాస్య రచన. అంతకుముందే, సభ ఆవరణలో లైసెన్సు లేకుండా మద్యం అమ్ముతున్నారని కోర్టుకెక్కిన మనిషి. అది పార్లమెంటు సొంత వ్యవహారం, మేం వేలు పెట్టమని న్యాయమూర్తులు సెలవిచ్చారు. రాజ్యాంగ సంప్రదాయం గ్లాసు దగ్గర ఎంత దృఢంగా నిలబడుతుందో గమనించగలరు.

కొత్త కోడలు నాలుగు రోజులు తల వంచుకుని ఉండాలి కదా! ఈయన సభ మొదలైందో లేదో లేచి, ప్రైవేటు సభ్యుల (మంత్రులు కానివారి) బిల్లులకిచ్చే సమయమంతా ప్రభుత్వమే మింగితే ఎలా అని అడిగారు. పైగా విడాకుల చట్టం మారుస్తానన్నారు.

ఆ చట్టానికి ఏం తక్కువ? భర్త కొట్టినా, వదిలిపోయినా, భార్యకు నయంకాని మతిభ్రమణం వచ్చినా పెళ్ళి చెక్కుచెదరదు. తెగాలంటే వ్యభిచారం ఒక్కటే దారి. అందుకని పెద్దమనిషి తరహా భర్త అద్దెకు ఒక స్త్రీని కుదుర్చుకుని బ్రైటన్ హోటల్లో గది తీసుకునేవాడు. రాత్రంతా పేకాడుకున్నా ఫరవాలేదు. తెల్లవారి టీ తెచ్చిన పనిమనిషి ఇద్దరినీ మంచం మీద చూస్తే చాలు. మన పెళ్ళికి అగ్ని సాక్షి, వాళ్ళ విడాకులకు ఆవిడ సాక్షి. దంపతులిద్దరూ ఇష్టపడే విడిపోతున్నామని నిజం చెప్పారో, కుమ్మక్కయ్యారని కేసు కొట్టేసేవారు. అప్పటి రాజుగారు ఎనిమిదో ఎడ్వర్డు పెళ్ళాడదలచిన శ్రీమతి సింప్సన్‌కు కూడా 1936 అక్టోబరులో ఇప్స్‌విచ్ కోర్టు విడాకులు ఇచ్చింది హోటలు సిబ్బంది సాక్ష్యం మీదే. రాజు నుంచి గుమాస్తా దాకా అందరికీ ఒకే అబద్ధం. ఇంతకు మించిన సమానత్వం ఎక్కడుంది?

హెర్బర్ట్‌కు సొంత బిల్లు పెట్టే అవకాశం ఎవరికో తేల్చే లాటరీలో పేరు రాలేదు. చీటీ తగిలిన రూపర్ట్ డి లా బేర్ అనే సభ్యుడు బిల్లును తన పేరు మీద ప్రవేశపెట్టారు. 1937లో అది చట్టమైంది. క్రూరత్వం, మూడేళ్ళ పరిత్యాగం, ఐదేళ్ళు దాటిన నయంకాని మతిభ్రమణం కూడా కారణాల్లో చేరాయి. మొదటి మూడేళ్ళలో మాత్రం, మరీ అసాధారణమైన కష్టమైతే తప్ప, విడాకులు అడగకూడదన్నారు.

బ్రైటన్ హోటళ్ళకు నష్టపరిహారం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడాదే సభ్యుల జీతం 600 పౌండ్లకు పెంచారు. విప్ వెనకాల నడిచినవారికీ, విప్పే లేని హెర్బర్ట్‌కూ ఒకే లెక్కన.