తప్పు లేదని చెప్పే చిప్పు

కంప్యూటర్లలో దొర్లే తప్పులను పట్టుకున్నవారికి దక్కిన గౌరవం, వాటిని కనబడకుండా చేసినవారికి దక్కలేదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950లో తప్పును పట్టుకుని దానంతట అదే దిద్దుకునే కోడ్‌ను ప్రచురించారు. నాటి నుంచి నేటి దాకా ఇంజినీరింగ్ విద్యార్థులు పరీక్షల్లో ఆయన పేరు రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. మరి ఏ తప్పు జరిగినా "అంతా సవ్యంగానే ఉంది" అని చెప్పే చిప్పును మార్కెట్లోకి తెచ్చిన పుణ్యాత్ముల మాటేమిటి? వారికి ఒక అవార్డు లేదు, సన్మానం లేదు, కనీసం ఒక శాలువా లేదు. ఈ లోటును నా వంతుగా పూడ్చదలచుకున్నాను.

సంగతి అర్థం కావాలంటే 1981కి వెళ్లాలి. ఆ ఏడాది వచ్చిన ఐబీఎం పీసీలో ఎనిమిది మెమరీ చిప్పులతో సరిపోయే చోట తొమ్మిది పెట్టారు. ఎనిమిది చిప్పులు సమాచారాన్ని దాచుకుంటాయి. తొమ్మిదోది పారిటీ చిప్పు. ఆ ఎనిమిది బిట్లలో, అంటే సున్నా గానీ ఒకటి గానీ ఉండే గళ్లలో, ఒకట్లు ఎన్ని ఉన్నాయి, సరి సంఖ్యా బేసి సంఖ్యా అన్నది మాత్రమే అది గుర్తుపెట్టుకుంటుంది. సమాచారాన్ని తిరిగి చదివేటప్పుడు మళ్లీ లెక్కపెడతారు. లెక్క తప్పిందా, తెర మీద "పారిటీ చెక్" అన్న రెండు ముక్కలు పడి కంప్యూటర్ అక్కడికక్కడే ఆగిపోతుంది. అప్పటిదాకా మీరు టైపు చేసిన ఉత్తరం గంగలో కలిసినట్లే. సహజంగానే జనానికి కోపం వచ్చింది. చెడిన మెమరీ మీద కాదు, ఆ మాట చెప్పిన తొమ్మిదో చిప్పు మీద.

పైగా దానికి డబ్బు కూడా దండగ. ఎనిమిదింటికి తొమ్మిది కొనడమంటే నూటికి పన్నెండున్నర రూపాయలు అదనం. 1990ల్లో మెమరీ ధరలు మండిపోతున్న రోజుల్లో కొందరు తయారీదారులకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. తొమ్మిదో చిప్పు స్థానంలో చవకరకం చిన్న చిప్పు ఒకటి అతికించారు. దానికి జ్ఞాపకశక్తి బొత్తిగా లేదు. చదివే సమయంలో మిగతా ఎనిమిది ఏం చెబితే అది విని, దానికి తగిన పారిటీని అప్పటికప్పుడు తయారుచేసి మదర్‌బోర్డుకు అందిస్తుంది. వ్యాపారులు దీనికి "లాజిక్ పారిటీ" అని పేరు పెట్టారు. నోరు మంచిది కానివారు నకిలీ పారిటీ అన్నారు.

దీని గొప్పదనం ఒక్క అంకెతో చూడవచ్చు. మనం టైపు చేసిన ఒకటి అనే అంకె మెమరీలో 00110001 అని ఉంటుంది. అందులో ఒకట్లు మూడు. ఏ కారణం చేతనో ఒకే ఒక్క బిట్ తిరగబడి అది 00111001 అయిందనుకోండి. ఇప్పుడది తొమ్మిది అనే అంకె. వెయ్యి రూపాయల కరెంటు బిల్లు తొమ్మిది వేలైంది. నిజమైన పారిటీ చిప్పు "నాకు బేసి అని చెప్పారు, ఇప్పుడు సరి వస్తోంది, ఎక్కడో మోసం జరిగింది" అని గగ్గోలు పెట్టి దుకాణం మూయిస్తుంది. మన చిప్పు అలాంటిది కాదు. నాలుగు ఒకట్లను శ్రద్ధగా లెక్కపెడుతుంది, నాలుగంటే సరి సంఖ్యే కదా అనుకుంటుంది, అదే రాసి సంతకం పెడుతుంది. ఆడిట్ క్లియర్. పని ఆగలేదు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు, బిల్లు వసూలైంది.

అయితే ఈ స్వర్ణయుగం ఎక్కువ కాలం నిలవలేదు. అబద్ధం చెప్పాలంటే అడిగేవాడొకడు ఉండాలి. 1995లో వచ్చిన, మదర్‌బోర్డు మీద మెమరీని నడిపించే ఇంటెల్ 430ఎఫ్ఎక్స్ చిప్‌సెట్ అసలు పారిటీనే అడగడం మానేసింది. దానితో నిజం చిప్పూ నకిలీ చిప్పూ ఒకేసారి వీధిన పడ్డాయి. సర్వర్లలో మాత్రం తప్పును పట్టుకుని దిద్దే ఈసీసీ మెమరీ కొనసాగింది. మన ఇళ్లలోని కంప్యూటర్లలో అది అరుదు. బ్యాంకు వాడి లెక్క తప్పకూడదు, మన లెక్క తప్పితే మనమే సర్దుకుంటాం అన్నది ఇందులోని ఏర్పాటు. ఈమధ్య వచ్చిన డీడీఆర్5 మెమరీలో చిప్పు లోపలే తప్పులు దిద్దుకునే సదుపాయం ఉందని ప్రచారంలో గట్టిగానే చెబుతారు. అయితే చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారిలో జరిగేదానికి దాని పూచీ లేదు. లోపల దిద్దుకున్నవాటిని కూడా మామూలుగా ఊళ్లో చెప్పుకోదు. పరువైన కుటుంబం.

ఇక పరువు పట్టింపు లేనివాటి విషయానికి వద్దాం. అన్నింటికన్నా అన్యాయం కార్లలో ఉండే క్యాన్ బస్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో డెట్రాయిట్‌లో దీన్ని లోకానికి పరిచయం చేసింది. ఇంజిన్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు వగైరాల కంట్రోలర్లన్నీ మెలివేసిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. అక్కడి క్రమశిక్షణ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మాట్లాడే కంట్రోలర్ తన మాటను తానే బిట్టు బిట్టుగా వింటూ ఉండాలి. తాను ఒకటి పంపితే తీగ మీద మరొకటి కనిపించిందా, తప్పు ఒప్పుకుని ఆపేయాలి. వినేవాటిలో ఏ ఒక్కదానికి సందేశంతో పాటు వచ్చే సీఆర్‌సీ అనే తనిఖీ లెక్క కుదరకపోయినా చాలు, వరుసగా ఆరు బిట్లు ఒకే తీరుగా పంపి ఆ సందేశం మొత్తాన్ని అందరికీ చెడగొడుతుంది. మామూలు సందేశంలో ఒకే రకం బిట్లు వరుసగా అయిదుకు మించకూడదన్నది నియమం. కాబట్టి ఆరోది వచ్చిందంటే ఎవరో అభ్యంతరం చెబుతున్నారని అందరికీ తెలిసిపోతుంది. చెప్పినది చిన్న కంట్రోలరా, పెద్ద కంట్రోలరా అని అడిగే దిక్కు లేదు.

ఇంతటితో ఆగితే బాగుండేది. ప్రతి కంట్రోలర్ తన తప్పుల చిట్టా తానే రాసుకోవాలి. పంపినది చెడితే చిట్టాలో ఎనిమిది కలుపుతారు, సవ్యంగా వెళితే ఒకటి తీసేస్తారు. ఒక తప్పుకు ఎనిమిది ఒప్పులు ప్రాయశ్చిత్తమన్నమాట. చిట్టా 127 దాటితే ఇతరుల సందేశాలను చెడగొట్టే హక్కు పోతుంది. 255 దాటితే తనంతట తానే సభ నుంచి తప్పుకోవాలి. మళ్లీ లోపలికి రావాలంటే తీగ మీద పదకొండు బిట్ల మౌనం 128 సార్లు గడవాలి. మన జపమాలకైనా 108 పూసలే. వేగం సెకనుకు అయిదు లక్షల బిట్లయితే, తీగ మీద ఇంకెవరూ మాట్లాడకపోతే, ఈ తపస్సు మూడు మిల్లీసెకన్లలోపే ముగుస్తుంది. అది వేరే విషయం. ముఖ్యమైనదేమిటంటే, బల్ల గుద్ది తాను తప్పు చేయలేదని చెప్పుకునే అవకాశం ఆ కంట్రోలర్‌కు ఎక్కడా ఇవ్వలేదు. సహజ న్యాయసూత్రాలకు ఇది పూర్తి విరుద్ధం.

అదృష్టవశాత్తు ఇక్కడ కూడా మానవజాతి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సభ నుంచి తప్పుకున్న కంట్రోలర్‌ను సాఫ్ట్‌వేర్ వెంటనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెడుతుంది. వదులైన తీగ వదులుగానే ఉంటుంది కనుక అది మళ్లీ తప్పుకుంటుంది, మళ్లీ పిలుపు వెళుతుంది. ఇంజిన్ కంట్రోలర్‌తో సంబంధం తెగిపోయిందని చెప్పే యు0100 కోడ్ కారు జ్ఞాపకంలో మిగిలినా, స్కానర్ తగిలించి ఒక్క మీట నొక్కితే చెరిగిపోతుంది. పాత కారు అమ్మేముందు కడిగించడం, పాలిష్ పెట్టించడంతో పాటు ఈ శుద్ధి కూడా జరిపించడం ఆచారం.

కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ వంటివి కూర్చునే పీసీఐ ఎక్స్‌ప్రెస్‌దీ ఇదే చాదస్తం. ప్రతి ప్యాకెట్‌కు ఒక వరుస సంఖ్య, 32 బిట్ల సీఆర్‌సీ. అవతలివైపు నుంచి అందిందని కబురు వచ్చేదాకా పంపినది నకలు దాచుకుంటుంది. చెడిందని కబురొస్తే మళ్లీ పంపుతుంది. ఎన్నిసార్లు పంపినా ప్రయోజనం లేకపోతే లింకును మొదటి నుంచి కుదుర్చుకుంటుంది. ఇదంతా మనం ఆవలించేలోపు జరిగిపోతుంది. పోనీలే అని ఊరుకుంటుందా అంటే, జరిగిన ప్రతిదాన్నీ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లాగ్‌లో, అంటే దాని దినచర్య పుస్తకంలో, రాయిస్తుంది: ఫలానా చోట తప్పు జరిగింది, దిద్దుకున్నాను. దిద్దుకున్నదాన్ని కూడా చెప్పడమెందుకు? కార్డు సరిగా కూర్చోకపోతే, కేబుల్ నాసిరకమైతే, విద్యుత్తు పొదుపు ఏర్పాటు కుదరకపోతే ఈ వాక్యాలు డిస్కు నిండేలా వచ్చి పడతాయి. అప్పుడు అనుభవజ్ఞులు ఇచ్చే సలహా ఒక్కటే. బూట్ సమయంలో పీసీఐ, సమాన గుర్తు, నోఏఈఆర్ (pci=noaer) అని, అంటే తప్పుల నివేదిక వద్దని, రాయండి. లెక్కపెడితే తొమ్మిది మీటలు. తప్పులు యథాతథంగా జరుగుతూనే ఉంటాయి, హార్డ్‌వేర్ యథాతథంగా దిద్దుకుంటూనే ఉంటుంది, ఫిర్యాదు మాత్రం మన దాకా రాదు.

ఇంత సులువైన మార్గం ఉండగా కొందరు మొండివాళ్లు కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, కార్డు బయటికి తీస్తారు. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దుతారు. పొట్టు ఊదేసి, క్లిప్పు టక్కుమనేదాకా కార్డును తిరిగి నొక్కుతారు. ఆ తరువాత లాగ్ తెరిస్తే ఒక్క ఫిర్యాదు కూడా ఉండదు. తొమ్మిది మీటలతో తేలిపోయే పనికి స్క్రూడ్రైవరు, రబ్బరు, పావుగంట సమయం ఖర్చు. ఇలాంటివారిని గుర్తించి, వీలైనంత త్వరగా వేరే విభాగానికి బదిలీ చేయాలని సంబంధిత అధికారులకు మనవి.